ఒకే హక్కు, నాలుగు గడపలు

మన ప్రాంతం నుండి ఉద్యోగరీత్యా బ్రిటన్ వెళ్ళి, లెస్టర్ నగరంలో స్థిరపడిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కొన్నాళ్ళకు ఆ ఇంటి యజమానికి వేల్స్ రాజధాని కార్డిఫ్‌కు బదిలీ అయింది. రైలులో కొద్ది గంటల ప్రయాణం. దేశం మారలేదు, రాజు మారలేదు, నాణెం మారలేదు. కాని ఒక విషయం మారింది. పిల్లవాడు మొండికేసినప్పుడు తండ్రి కోపంతో చేయి చేసుకుంటే, ఇంగ్లండులో 'సముచితమైన దండన' అన్న వాదన కొంతవరకు ఆయనను కాపాడవచ్చు. వేల్స్‌లో 2022 మార్చి 21 నుండి ఆ వాదనకు తావే లేదు. స్కాట్లండ్‌లో అయితే 2020 నవంబరు 7 నాడే ఆ తలుపు మూసుకుపోయింది. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం ఇంగ్లండులో లాగానే ఆ వాదన నిలిచి ఉంది.

ఒక దేశం, ఒకే తండ్రి, ఒకే చెంపదెబ్బ. చట్టాలు మాత్రం వేరు. దీనికి కారణం బ్రిటన్‌లో శాసనాధికారం ఒక్క లండన్‌లోనే లేకపోవడం. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లకు వేర్వేరు శాసనసభలున్నాయి. విద్య, వైద్యం, శిశు సంక్షేమం వంటి అంశాలపై అవి సొంతంగా చట్టాలు చేసుకుంటాయి. అయితే ఈ నాలుగు గడపలకూ కట్టిన తోరణం ఒకటుంది. దాని పేరు 1998 నాటి మానవ హక్కుల చట్టం. ఆ చట్టాన్ని సమీక్షించాలని, సవరించాలని, వీలైతే పూర్తిగా తొలగించాలని లండన్‌లో చాలాకాలంగా ప్రయత్నాలు సాగుతున్నాయి. తోరణాన్ని ఒక గడప వద్ద తెంపితే మిగిలిన గడపల వద్ద ఏమవుతుంది? ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే ప్రశ్న ఇదే.

ఇది ఎక్కడో పరాయి దేశపు రాజ్యాంగ చర్చ అని పుట తిప్పేయడం తేలికే. కాని చదువుల కోసం, కొలువుల కోసం మన బిడ్డలు ఎందరో ఆ గడ్డ మీద ఉన్నారు. అంతకుమించి, సంఖ్యలో తక్కువగా ఉన్నవారి హక్కులు ఏ పునాది మీద నిలుస్తాయన్నది ఏ దేశంలోనైనా ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమే.

ఇంటికి చేరిన హక్కులు

రెండవ ప్రపంచ యుద్ధం మిగిల్చిన బూడిద మీద యూరప్ దేశాలు ఒక ప్రతిజ్ఞ చేశాయి. ప్రభుత్వం ఎంత బలమైనదైనా మనిషి ప్రాణం, స్వేచ్ఛ, విశ్వాసం, కుటుంబం జోలికి ఇష్టం వచ్చినట్లు పోరాదన్నది దాని సారాంశం. ఆ ప్రతిజ్ఞే 1950 నవంబరు 4న రోమ్ నగరంలో సంతకాలు జరిగిన యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక. 1951లోనే బ్రిటన్ దానిని ధ్రువీకరించింది. అయితే ఒక సామాన్యుడు తన ప్రభుత్వంపై ఆ ఒడంబడిక కింద ఫిర్యాదు చేసుకునే అవకాశాన్ని 1966 వరకు అంగీకరించలేదు. ఆ తరువాత కూడా స్వదేశంలోని కోర్టులన్నీ దాటుకుని, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఉన్న న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి వచ్చేది. డబ్బు, ఓపిక, ఏళ్ళ తరబడి నిరీక్షణ ఉన్నవారికే అది సాధ్యం.

ఈ దూరాన్ని తొలగించడానికి వచ్చిందే 1998 నాటి చట్టం. 2000 అక్టోబరు 2 నుండి అది అమలులోకి వచ్చింది. దాని పనితీరును నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. మొదటిది, పోలీసులు, పురపాలక సంఘాలు, ప్రభుత్వ పాఠశాలలు, ఆసుపత్రులు వంటి ప్రతి ప్రభుత్వ వ్యవస్థా ఈ హక్కులకు లోబడి నడుచుకోవాలి. రెండవది, న్యాయమూర్తులు ప్రతి చట్టాన్నీ వీలైనంత వరకు ఈ హక్కులతో పొసగేలా అన్వయించాలి. మూడవది, స్ట్రాస్‌బర్గ్ తీర్పులను వారు పరిగణనలోకి తీసుకోవాలి. నాలుగవది, ఎంత ప్రయత్నించినా లండన్ పార్లమెంటు చేసిన చట్టం హక్కులతో పొసగకపోతే, ఉన్నత న్యాయస్థానం 'ఇది పొసగడం లేదు' అని ప్రకటించవచ్చు. కాని ఆ చట్టాన్ని కొట్టివేయజాలదు. మార్చాలా వద్దా అన్నది పార్లమెంటు ఇష్టం.

ఈ నాలుగవ అంశాన్ని గుర్తుంచుకుందాం. కథంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది.

ఒకరికి సలహా, ముగ్గురికి గట్టు

అదే 1998లో మరో మూడు చట్టాలు వచ్చాయి. ఒకటి స్కాట్లండ్‌కు పార్లమెంటును, రెండవది వేల్స్‌కు అసెంబ్లీని, మూడవది ఉత్తర ఐర్లాండ్‌కు కొత్త శాసనసభను ఇచ్చాయి. ఇచ్చిన అధికారాలతో పాటు ఒక షరతు కూడా పెట్టారు. ఈ సభలు చేసే ఏ చట్టమైనా మానవ హక్కులకు విరుద్ధమైతే, అది ఆ సభ అధికార పరిధిలోనిదే కాదు. కోర్టు దానిని చెల్లదని తేల్చవచ్చు. అక్కడి మంత్రులకూ ఇదే నియమం.

అంటే ఒకే హక్కు రెండు రూపాల్లో నిలబడింది. లండన్ పార్లమెంటుకు అది పెద్దమనిషి చెప్పే సలహా. వినకపోతే పరువు పోతుందే తప్ప చట్టం పోదు. మిగిలిన మూడు సభలకు అది పొలం గట్టు. దాటి దున్నితే ఆ సాగు చెల్లదు.

మన దేశంలో పరిస్థితి ఇలా లేదు. రాజ్యాంగంలోని 13వ అధికరణం పార్లమెంటు చట్టానికీ, ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ శాసనసభ చట్టానికీ ఒకే కొలత పెడుతుంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన మేరకు ఏది చేసినా చెల్లదు. బ్రిటన్‌కు మన రాజ్యాంగం వంటి లిఖిత గ్రంథం ఒకటి లేదు. లండన్ పార్లమెంటే అక్కడ సర్వోన్నతం. అందువల్ల కేంద్రానికి ఒక కొలత, ప్రాంతాలకు మరో కొలత ఏర్పడింది.

ఈ తేడా కాగితం మీది తేడా మాత్రమే కాదని రెండు ఉదాహరణలు చెబుతాయి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత లండన్ పార్లమెంటు హడావుడిగా ఒక చట్టం చేసింది. ఉగ్రవాదంతో సంబంధం ఉందని అనుమానించిన విదేశీయులను, స్వదేశానికి పంపడం సాధ్యం కాకపోతే, విచారణ లేకుండానే నిరవధికంగా జైలులో ఉంచవచ్చన్నది. అలా బెల్‌మార్ష్ వంటి జైళ్ళకు చేరినవారు ముస్లింలే. 2004 డిసెంబరు 16న తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఎనిమిదిమంది ఈ ఏర్పాటు మానవ హక్కులతో పొసగదని తేల్చారు. అనుమానం స్వదేశీయుడి మీద ఉంటే వదిలిపెట్టి, విదేశీయుడి మీద ఉంటే బంధించడం వివక్ష అన్నారు. ఆధునిక బ్రిటన్ న్యాయచరిత్రలో అది మహత్తరమైన తీర్పు. అయినా ఆ రోజు జైలు తలుపులు తెరుచుకోలేదు. చట్టం అలాగే ఉంది. 2005 మార్చిలో పార్లమెంటు మరో చట్టం తెచ్చి, నిర్బంధం స్థానంలో ఆంక్షల ఉత్తర్వులను ప్రవేశపెట్టే వరకు వారిలో పలువురు లోపలే గడిపారు.

దీని పక్కన స్కాట్లండ్ ఉదాహరణను ఉంచి చూద్దాం.

ప్రతి బిడ్డకూ ఒక అధికారి

2014లో స్కాటిష్ పార్లమెంటు బాలల సంక్షేమం కోసం ఒక చట్టం చేసింది. పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళు నిండే వరకు ప్రతి బిడ్డకూ ఒక నిర్ణీత వ్యక్తిని ప్రభుత్వం నియమిస్తుంది. పసిబిడ్డకు ఆరోగ్య కార్యకర్త, బడి పిల్లలకు ప్రధానోపాధ్యాయుడు వంటివారు ఆ బాధ్యత వహిస్తారు. బిడ్డ క్షేమానికి సంబంధించిన సమాచారాన్ని ఇతర శాఖలతో వారు పంచుకోవాలి. హింసకు గురవుతున్న పిల్లలను ముందే గుర్తించి ఆదుకోవాలన్నది ఉద్దేశం. ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కాని తల్లిదండ్రులకు చెప్పకుండా, వారి అనుమతి అడగకుండా ఇంటి విషయాలు ఒక శాఖ నుండి మరో శాఖకు పోతాయన్న భయం చాలామందిని కలవరపెట్టింది. ఇంట్లో నేర్పే మతవిశ్వాసాలు, ఆహారపు అలవాట్లు, పెంపకపు పద్ధతులు ఒక ఉద్యోగి దృష్టిలో 'క్షేమానికి భిన్నం'గా కనిపిస్తే ఏమవుతుందన్నది వారి ఆవేదన. కొన్ని క్రైస్తవ, స్వచ్ఛంద సంస్థలు, కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు.

2016 జూలై 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లక్ష్యం మంచిదే, కాని సమాచారం పంచుకునే నిబంధనలు కుటుంబ జీవిత గౌరవానికి సంబంధించిన హక్కుకు విరుద్ధమన్నది. ఆ నిబంధనలు ఎంత అస్పష్టంగా ఉన్నాయంటే, తమ ఇంటి సమాచారం ఎప్పుడు ఎవరి చేతికి పోతుందో తల్లిదండ్రులకు తెలిసే అవకాశమే లేదని న్యాయమూర్తులు భావించారు. తమ పద్ధతిలో పిల్లలను పెంచుకునే స్వేచ్ఛ కుటుంబాలకు ఉండడం స్వేచ్ఛాయుత సమాజానికి ఎంత అవసరమో కూడా ఆ తీర్పు వివరించింది. ఇక్కడ 'పొసగడం లేదు' అన్న ప్రకటనతో ఆగలేదు. ఆ నిబంధనలు స్కాటిష్ పార్లమెంటు పరిధిలోవే కావన్నది. చట్టం అమలు ఆగిపోయింది. సవరించాలని చేసిన ప్రయత్నాలు ఫలించక, 2019 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ పథకాన్నే విరమించుకుంది.

ఈ దావా నడిపినవారిలో ముందు నిలిచినవారు క్రైస్తవులు. దాని ఫలితం స్కాట్లండ్‌లోని ప్రతి ముస్లిం ఇంటికీ, ప్రతి హిందూ ఇంటికీ, ఏ మతమూ పాటించని ఇంటికీ సమానంగా దక్కింది. ఒకరి కోసం తవ్విన బావి నీరు అందరి దాహం తీర్చడమంటే ఇదే.

న్యాయవ్యవస్థే మారిన తీరు

స్కాట్లండ్‌కు శాసనసభ కొత్తదే కాని న్యాయవ్యవస్థ చాలా పాతది. 1707లో ఇంగ్లండుతో ఐక్యమైనప్పుడు కూడా తన చట్టాన్ని, కోర్టులను అది విడిగానే నిలుపుకుంది. క్రిమినల్ కేసుల్లో అక్కడి హైకోర్టుదే తుది మాట. లండన్‌కు అప్పీలు లేదు. అటువంటి వ్యవస్థ మీద మానవ హక్కుల చట్రం వచ్చి కూర్చున్నప్పుడు కదలిక తప్పలేదు.

తొలి కదలిక 1999 నవంబరులోనే వచ్చింది. అక్కడ దిగువ కోర్టుల్లో తాత్కాలిక న్యాయమూర్తులు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. వారి కొనసాగింపు ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి చేతిలో ఉండేది. క్రిమినల్ కేసులు నడిపించేదీ ఆయనే. తన ఉద్యోగం నిలబెట్టే వ్యక్తి ఎదుటి పక్షంలో ఉంటే న్యాయమూర్తి నిష్పక్షపాతంగా ఉండగలడా అన్న ప్రశ్నకు హైకోర్టు ఉండలేడనే సమాధానమిచ్చింది. ఆ పద్ధతి అక్కడితో ముగిసింది.

రెండవ కదలిక భూకంపమే. స్కాట్లండ్‌లో అనుమానితుడిని ఆరు గంటల వరకు నిర్బంధించి, న్యాయవాదిని కలవనివ్వకుండానే ప్రశ్నించే అధికారం పోలీసులకు ఉండేది. 2010 అక్టోబరు 26న సుప్రీంకోర్టు ఇది న్యాయమైన విచారణ హక్కుకు విరుద్ధమని తీర్పిచ్చింది. టర్కీకి సంబంధించిన ఒక కేసులో 2008లో స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. మరునాడే స్కాటిష్ పార్లమెంటు అత్యవసరంగా కొత్త చట్టం చేయవలసి వచ్చింది. పెండింగులో ఉన్న వందలాది కేసులను వదులుకోవలసి వచ్చింది.

లండన్‌లో కూర్చున్న న్యాయస్థానం మూడు శతాబ్దాల తమ న్యాయ స్వాతంత్ర్యంలో చేయి పెట్టిందని ఎడిన్‌బరోలో ఆగ్రహం పెల్లుబికింది. ఇందులో రెండు పక్షాల మాటలోనూ బలం ఉంది. స్థానిక న్యాయసంప్రదాయానికి గౌరవం దక్కాలన్నది ఒక మాట. పోలీసు స్టేషనులో ఒంటరిగా కూర్చున్న మనిషికి గ్లాస్గోలోనైనా లండన్‌లోనైనా ఒకే రక్షణ ఉండాలన్నది మరో మాట. చివరకు 2012లో చేసిన చట్టం మధ్యేమార్గం చూపింది. హక్కుకు భంగం కలిగిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే సుప్రీంకోర్టు జవాబు చెబుతుంది. ఆపై కేసును స్కాట్లండ్ హైకోర్టుకే తిప్పి పంపుతుంది. తుది నిర్ణయం ఆ హైకోర్టుదే.

పిల్లల హక్కులకు గట్టు అడ్డమైన వేళ

హక్కుల గట్టు ఎప్పుడూ బలహీనుల పక్షానే పనిచేస్తుందని అనుకోరాదు. ఆస్బెస్టాస్ ధూళి పీల్చి జబ్బుపడిన కార్మికుల చికిత్స ఖర్చును వారి యజమానుల నుండి, బీమా సంస్థల నుండి రాబట్టాలని వేల్స్ అసెంబ్లీ ఒక బిల్లు తెచ్చింది. 2015లో సుప్రీంకోర్టు అది అసెంబ్లీ పరిధిని దాటిందని తేల్చింది. అందుకు చెప్పిన కారణాలలో బీమా సంస్థల ఆస్తి హక్కు కూడా ఒకటి. హక్కు అన్నది కత్తి వంటిది. ఎవరి చేతిలో ఉందో చూసి అది పదును మార్చుకోదు.

స్కాట్లండ్ అనుభవం ఇంకా విచిత్రం. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను తన చట్టంలో భాగం చేసుకోవాలని 2021 మార్చి 16న స్కాటిష్ పార్లమెంటు ఏకగ్రీవంగా తీర్మానించి బిల్లు ఆమోదించింది. లండన్ ప్రభుత్వ న్యాయాధికారులు దానిని సుప్రీంకోర్టుకు నివేదించారు. అక్టోబరు 6న కోర్టు బిల్లులోని కొన్ని నిబంధనలు పరిధి దాటాయన్నది. పిల్లల హక్కులతో కోర్టుకు పేచీ లేదు. లండన్ పార్లమెంటు చేసిన చట్టాలను సైతం స్కాట్లండ్ కోర్టులు ఈ కొలతతో తూచే అవకాశం కల్పించడమే పేచీ. బిల్లును కుదించి 2023 డిసెంబరులో మళ్ళీ ఆమోదించారు. 2024 జూలై 16 నుండి అది అమలులో ఉంది. కాని స్కాట్లండ్ బడులకు మూలస్తంభం వంటి 1980 నాటి విద్యాచట్టం లండన్ పార్లమెంటు చేసినది. కనుక కొత్త చట్టం ఇచ్చిన రక్షణ అక్కడికి పూర్తిగా చేరలేదు. తమ్ముడు తన పిల్లలకు ఎక్కువ పెడదామనుకున్నా, వంటింట్లో కొన్ని పాత్రలు అన్న పేరు మీద ఉండిపోయాయి.

శాంతికి వేసిన ముడి

ఉత్తర ఐర్లాండ్‌లో ఈ విషయం మరింత సున్నితమైనది. ముప్పయ్యేళ్ళ హింసలో 3,500 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్న నేల అది. 1998 ఏప్రిల్ 10న కుదిరిన బెల్‌ఫాస్ట్ ఒప్పందం ఆ రక్తపాతానికి తెర దించింది. మెజారిటీగా ఉన్న వర్గం శాసనసభను అడ్డం పెట్టుకుని మరో వర్గాన్ని అణచకుండా ఉండాలంటే ఏం చేయాలన్నది నాటి చర్చల్లో కీలక ప్రశ్న. యూరోపియన్ ఒడంబడికను ఉత్తర ఐర్లాండ్ చట్టంలో భాగం చేస్తామని, ప్రజలు నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చని, హక్కులకు విరుద్ధమైన అసెంబ్లీ చట్టాలను కోర్టులు తోసిపుచ్చవచ్చని బ్రిటన్ ప్రభుత్వం ఆ ఒప్పందంలో మాట ఇచ్చింది. ఐర్లాండుకు రెండు వైపులా ప్రజలు ఓటువేసి దానిని ఆమోదించారు.

కాబట్టి అక్కడ మానవ హక్కుల చట్టం ఒక మామూలు శాసనం కాదు. ఆయుధాలు దింపినవారికి ఇచ్చిన మాట. మాట ఒక అమానతు. దానిని ఒక పక్షం ఏకపక్షంగా మార్చజాలదు.

2023లో లండన్ పార్లమెంటు, గతకాలపు హింసకు సంబంధించిన నేరాలపై కొన్ని షరతులతో క్షమాభిక్ష కల్పించే చట్టం చేసింది. ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు బెల్‌ఫాస్ట్ హైకోర్టును ఆశ్రయించాయి. 2024 ఫిబ్రవరి 28న కోర్టు ఆ క్షమాభిక్ష నిబంధనలు ప్రాణరక్షణ హక్కుతోనూ, చిత్రహింసల నిషేధంతోనూ పొసగవని తీర్పు చెప్పింది. ఐర్లాండ్ ప్రభుత్వం ఈ విషయమై బ్రిటన్‌పై స్ట్రాస్‌బర్గ్‌లో కేసు కూడా వేసింది. అర్ధ శతాబ్దం కిందట చనిపోయిన కొడుకు ఎలా చనిపోయాడో తెలుసుకోవాలన్న తల్లి కోరికకు ఈ చట్టం తప్ప వేరే ఆసరా లేని ఇళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

సమీక్షల మీద సమీక్షలు

ఇటువంటి అల్లిక గల చట్టాన్ని లండన్ ఎన్నిసార్లు తిరగదోడిందో చూద్దాం. 2011లో నియమించిన ఒక కమిషన్ 2012 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. సభ్యులకే ఏకాభిప్రాయం కుదరలేదు. 2020 డిసెంబరులో, అప్పీలు కోర్టు మాజీ న్యాయమూర్తి సర్ పీటర్ గ్రాస్ నేతృత్వంలో స్వతంత్ర సమీక్షా బృందాన్ని ప్రభుత్వం ఏర్పాటు చేసింది. స్వదేశీ కోర్టులకూ స్ట్రాస్‌బర్గ్‌కూ మధ్య సంబంధం, న్యాయవ్యవస్థకూ ప్రభుత్వానికీ పార్లమెంటుకూ మధ్య సమతూకం అన్న రెండు అంశాలను పరిశీలించమన్నది.

500 పుటలు మించిన ఆ నివేదిక 2021 డిసెంబరు 14న వెలుగు చూసింది. చట్టం మొత్తం మీద బాగానే పనిచేస్తున్నదని, కొద్దిపాటి సర్దుబాట్లు చాలునని దాని సారాంశం. హక్కుల గురించి పౌరులకు విద్య నేర్పాలన్నది వారు చేసిన సూచనల్లో ముఖ్యమైనది. అయితే అదే రోజున ప్రభుత్వం, ఈ నివేదిక చెప్పిన దానికన్నా చాలా దూరం వెళ్ళే ప్రతిపాదనలను విడుదల చేసింది. 2022 జూన్ 22న మానవ హక్కుల చట్టాన్ని రద్దు చేసి, దాని స్థానంలో కొత్త హక్కుల చట్టం తెచ్చే బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టింది. స్కాట్లండ్, వేల్స్ ప్రభుత్వాలు రెండూ గట్టిగా వ్యతిరేకించాయి. రాజకీయాల ఒడిదుడుకుల్లో చిక్కుకుని, 2023 జూన్‌లో ఆ బిల్లు ఉపసంహరణకు గురైంది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పుకోక తప్పదు. స్కాట్లండ్ చట్టంలో 'ఒడంబడిక హక్కులు' అన్న మాట వస్తుంది. ఆ మాటకు అర్థం అందులో లేదు. మానవ హక్కుల చట్టంలో ఏ అర్థం ఉందో అదే ఇక్కడా వర్తిస్తుందని మాత్రం రాశారు. అంటే లండన్ తన చట్టాన్ని తొలగిస్తే, ఎడిన్‌బరోలోని గట్టు దానంతటదే కదిలిపోతుంది. ఉమ్మడి గోడలో నా వైపు ఇటుక తీసుకుంటున్నాను అనడానికి వీల్లేదు. ఇటుక ఒకటే.

మరి ప్రాంతాల సమ్మతి అవసరం లేదా? వారి పరిధిలోని అంశాలపై వారి సమ్మతి లేకుండా లండన్ పార్లమెంటు సాధారణంగా చట్టం చేయదన్న సంప్రదాయం ఉంది. చట్టంలో కూడా దానిని రాసుకున్నారు. కాని ఇది రాజకీయ మర్యాదే తప్ప కోర్టుల ద్వారా అమలు చేయించగల హక్కు కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ మర్యాద మీదే ఇంత కట్టడం నిలిచి ఉంది.

చర్చ ముగిసిపోలేదు. ఇప్పుడు అది చట్టం రద్దును దాటి, యూరోపియన్ ఒడంబడిక నుండే వైదొలగాలన్న వాదన దాకా వచ్చింది. 2025లో కన్జర్వేటివ్ పార్టీ దానిని తన విధానంగా ప్రకటించింది. వలసదారులను పంపివేయడానికి ఒడంబడిక అడ్డుగా ఉందన్నది ఆ వాదనకు ముఖ్య ఆధారం. ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటును న్యాయమూర్తులు అడ్డుకోవడం ప్రజాస్వామ్యమేనా అన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. కాని ఓటు హక్కు కూడా లేని వలసదారుడికి, ఓట్ల లెక్కలో ఎప్పటికీ మెజారిటీ కాలేని మతస్థుడికి పార్లమెంటు తప్పు చేసినప్పుడు దిక్కెవరన్న ప్రశ్నకు కూడా వారు సమాధానం చెప్పవలసి ఉంటుంది.

మన ఇళ్ళకు ఏమిటి?

ఈ చట్టాన్ని తాయెత్తుగా భావించడం పొరపాటు. లూటన్ పట్టణంలో ఒక ముస్లిం విద్యార్థిని తాను జిల్బాబ్ ధరించి బడికి వస్తానన్నది. బడి యూనిఫారంలో సల్వార్ కమీజ్, తలపై వస్త్రం ధరించే వీలు అప్పటికే ఉంది. అప్పీలు కోర్టు ఆమె పక్షం వహించినా, 2006 మార్చిలో అత్యున్నత న్యాయమూర్తులు బడి నిర్ణయాన్నే సమర్థించారు. విశ్వాసాన్ని కలిగి ఉండే హక్కుకు హద్దు లేదు. దానిని బహిరంగంగా ఆచరించే హక్కుకు ఇతరుల హక్కులను బట్టి హద్దులుంటాయి. బెల్‌మార్ష్‌లో మనవారికి ఊరటనిచ్చిన చట్టమే లూటన్‌లో ఆ అమ్మాయికి కోరుకున్నది ఇవ్వలేదు. న్యాయం కోరేవారు తమకు అనుకూలించని తీర్పును కూడా న్యాయంగానే అంగీకరించగలగాలి. అప్పుడే అనుకూలించిన తీర్పుకు విలువ.

బ్రిటన్‌లో ఉన్న మన బిడ్డలు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ హక్కులు పౌరసత్వం ఉన్నవారికే పరిమితం కావు. ఆ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషికీ, విద్యార్థి వీసాపై ఉన్నవారికి కూడా వర్తిస్తాయి. ప్రభుత్వ వ్యవస్థ హక్కుకు భంగం కలిగిస్తే సాధారణంగా ఏడాదిలోపు కోర్టుకు వెళ్ళాలి. తాము ఉంటున్నది ఇంగ్లండులోనా, వేల్స్‌లోనా, స్కాట్లండ్‌లోనా, ఉత్తర ఐర్లాండ్‌లోనా అన్నదాన్ని బట్టి పిల్లల పెంపకం, బడి, ఆసుపత్రికి సంబంధించిన నియమాలు మారుతాయి. స్కాట్లండ్‌కు, ఉత్తర ఐర్లాండ్‌కు సొంత మానవ హక్కుల కమిషన్లు ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు కొత్త ఊరి బడి గురించి, మసీదు గురించి ఎలా విచారిస్తామో, అక్కడి చట్టం గురించీ అలాగే విచారించాలి.

మొదట మనం ఊహించుకున్న కుటుంబం వద్దకు తిరిగి వద్దాం. కార్డిఫ్‌లోని ఆ తండ్రిపై, నీ బిడ్డ మీద చేయి చేసుకోరాదని అక్కడి శాసనసభ ఆంక్ష పెట్టింది. అదే సమయంలో, నీ ఇంటి గుట్టును కారణం లేకుండా కార్యాలయాల మధ్య తిప్పరాదని మానవ హక్కుల చట్టం ప్రభుత్వంపైనా ఆంక్ష పెట్టింది. తండ్రి అధికారానికి ఒక హద్దు, ప్రభుత్వ అధికారానికి ఒక హద్దు. బిడ్డ ఆ రెండు హద్దుల మధ్య భద్రంగా నిద్రపోతున్నది. లండన్‌లో కూర్చుని ఆ హద్దులను సమీక్షించేవారు, సమీక్షించే అధికారం తమకున్నందుకు ఎంత గర్వపడినా, ఆ బిడ్డ నిద్ర చెడకుండా చూడవలసిన బాధ్యత నుండి మాత్రం తప్పించుకోలేరు.